గుండీల బావ పోకరు లెక్క

పేకాటలో నేను ఓడిపోయిన రోజంటూ నా జీవితంలో లేదు. ఈ సంగతి ముందే చెప్పి పెడితే, ఇకమీదట నేను చెప్పబోయే లెక్కలన్నీ మీరు మారుమాట లేకుండా నమ్ముతారని నా ఆశ. కథ మాత్రం నాది కాదు, గుండీల బావది.

చొక్కాలకు గుండీలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. పనివాళ్ళు ఆరుగురు. బాయిలరు దగ్గర ఒక తాత, గుండీలకు చిల్లులు వేసే మర దగ్గర ఒకరి మాట ఒకరు పూర్తిచేసే అన్నదమ్ములిద్దరు, రంగు తొట్టి దగ్గర బావమరిది, అట్టపెట్టెలు మడిచి సరుకు సర్దే అక్క, అందరికంటే చివర, ఉత్తరం కిటికీ పక్కన, పరీక్ష బల్ల దగ్గర బావ. బావమరిది అతన్ని "బావా, బావా" అని పిలవడం విని విని, అతను అందరికీ బావే అయిపోయాడు. ముప్ఫై ఏళ్ళు పెద్దవాడైన తాతకు కూడా బావే. పెట్టెల అక్క ఒక్కతే ఆ వరస ఒప్పుకోక తమ్ముడూ అనేది.

బావ చేసే పని చూడ్డానికి సుళువు. బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, పైనుంచి కొన్ని, నడుమ నుంచి కొన్ని, అడుగు నుంచి కొన్ని, మొత్తం యాభై గుండీలు తెల్ల పళ్ళెంలో పోసుకుంటాడు. పగుళ్ళు చూస్తాడు, వంకర చిల్లులు చూస్తాడు. చెడ్డవి రెండుకు మించితే బస్తా వెనక్కి, లేకపోతే ముందుకి. ఏదైనా సరే, చూసిన యాభయ్యీ మళ్ళీ బస్తాలోనే పోసి, ఒకసారి కుదిపి మూతి కడతాడు. తన తర్వాత కొనేవాళ్ళ మనిషి వచ్చి చెయ్యి పెట్టినా బస్తా ఉన్నది ఉన్నట్టే ఉండాలని అతని పట్టుదల. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఏ బస్తానూ పూర్తిగా చూసింది లేదు, ఏ బస్తా గురించీ మాట తప్పిందీ లేదు.

ఇంత నిదానస్తుడు పేక ముందు కూర్చుంటే మాత్రం వ్యవహారమంతా కుడి మోకాలికి అప్పగించేసేవాడు. మోకాలు జివ్వుమంటే పందెంలో దిగేవాడు. జివ్వుమనకపోతే ముక్కలు బోర్లించేవాడు. ఆ మోకాలికి ఆటంటే మహా సరదా కాబట్టి అది ఎప్పుడూ జివ్వుమంటూనే ఉండేది.

ఆట సరదా కోసమైతే ఈ కథే లేదు. ఏటా ఒక ఆరు వారాలు ఆ ఫ్యాక్టరీలో పని పల్చబడుతుంది. వారానికొకరు చొప్పున ఆరుగురూ సెలవు తీసుకోవాలి. ఎవరికి ఏ వారమన్న దగ్గర ఒకప్పుడు జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వెళ్ళారు. మేనేజరు విసిగిపోయి, "మీ తిప్పలేవో మీరు పడండి, శనివారం పొద్దున్నకి కాగితం నా బల్ల మీద ఉండాలి" అని చేతులు దులుపుకున్నాడు. అప్పటి నుంచి ఆనవాయితీ ఏర్పడింది. ఆ ముందు వారం అయిదు రోజులూ భోజనాల గంటలో పోకరు ఆడతారు. తలా అయిదు ముక్కలు పంచుకుని, నచ్చనివి ఒకసారి మార్చుకుని, ఎవరి చెయ్యి గొప్పదో పందెం కాస్తారు. డబ్బు ఊసు లేదు. మనిషికి ముప్ఫై పనికిరాని గుండీలు. గుండీలు అయిపోయినవాళ్ళు లేచిపోవాలి. ముందు లేచినవాళ్ళు ఆఖర్న వారం కోరుకోవాలి, చివరిదాకా కూర్చున్నవాళ్ళు అందరికంటే మొదట.

అందరి కళ్ళూ మూడో వారం మీదే. దానికి అటూ ఇటూ సెలవులు అతుక్కుని తొమ్మిది రోజులవుతుంది, ఎండా చలీ రెండూ మర్యాదగా ఉంటాయి. ఆరో వారం ఎవరికీ అక్కర్లేదు. పిలిచినట్టు సరిగ్గా అప్పుడే వానలు దిగుతాయి.

బావ భార్య సిటీ బస్సులో కండక్టరు. డిపోవాళ్ళు ఆమెకు ఏటా మూడో వారమే సెలవు రాస్తారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఇద్దరికీ ఒకే వారం సెలవు కుదరలేదు. ఆమె సెలవులో తల్లితో కలిసి కిటికీ తెరలు ఉతుక్కునేది. మూడు వారాలు తిరిగాక బావ అవే తెరలు పక్కకు జరిపి వాన చూస్తూ కూర్చునేవాడు. తొమ్మిదిసార్లలో ఏడుసార్లు వారం కోరుకోవడంలో అతను ఆఖరివాడు, మిగిలిన రెండుసార్లూ ఆఖరుకు ముందువాడు.

"సముద్రం ఒడ్డున ఒక గది తీసుకుని, అలారం మోగకుండా ఇద్దరం ఒకేసారి నిద్ర లేవాలి. నాకింకేం వద్దు" అనేది ఆమె.

"ఈసారి చూడు, మూడో వారం తెస్తాను."

"ఎవరు తెచ్చేది, మీరా, మీ మోకాలా?"

ఆ ఏడు ఆటకు నెలరోజుల ముందు ఒక మధ్యాహ్నం బావ బస్తాలో చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచి ఆలోచనలో పడ్డాడు. ఈ బస్తాలో తను చూడని గుండీలు వేలకు వేలున్నాయి. అయినా పిడికెడు చూసి ధీమాగా తీర్పు చెబుతున్నాడు. పేకలో ఉన్నవే యాభై రెండు ముక్కలు. వాటి కోసం మోకాలిని ఎందుకు కష్టపెట్టాలి?

ఆ సాయంత్రం నుంచే భోజనాల బల్ల మీద పేక పరిచాడు. భార్యకు సాయంత్రం డ్యూటీ. ఇంట్లో ఉన్నది బఠాణీలు వలుచుకుంటున్న అత్తగారొక్కతే. ముందు అతను తేల్చుకోదలచింది ఒకటే సంగతి. అయిదు ముక్కలూ ఒకే గుర్తువి కూడితే పోకరులో దాదాపు గెలిచినట్టే. చేతిలో నాలుగు ఆఠీన్లున్నాయి, అయిదోది వేరేది. దాన్ని పారేసి కొత్త ముక్క తీస్తే అదీ ఆఠీను అయ్యే అవకాశం ఎంత? పేకలో గుర్తులు నాలుగు. కాబట్టి నాలుగుసార్లకు ఒకసారి. రెండు వందలసార్లు తీస్తే యాభైసార్లు రావాలి.

క్యాలెండరు వెనక గీతలు పెట్టుకుంటూ రెండు వారాలు కూర్చుని రెండు వందలసార్లూ తీశాడు. ముప్ఫై తొమ్మిదే వచ్చాయి.

"పేకలో ఏదో దోషముంది అత్తయ్యగారూ. పదకొండు ఆఠీన్లు ఎగ్గొట్టింది."

అత్తగారు గిన్నె పక్కన పెట్టి కళ్ళద్దాలు సవరించుకుంది. "ఏదీ, మీ లెక్క చెప్పండి అల్లుడుగారూ."

"యాభై రెండు ముక్కల్లో పదమూడు ఆఠీన్లు."

"మీ చేతిలో ఉన్నవేమిటి?"

"నాలుగు ఆఠీన్లు, ఒక ఇస్పేటు."

"అవి చేతిలో ఉండగా పేకలోంచి మళ్ళీ ఎలా వస్తాయండీ? వాటికేమైనా కవలపిల్లలున్నాయా?"

బావ చేతిలోని ముక్కల వంకా, బల్ల మీది పేక వంకా చూశాడు. ఇరవై రెండేళ్ళుగా చూసిన గుండీలను చూసినట్టే బస్తాలో పోసి కుదిపే చెయ్యి, ఇక్కడా అదే పని చేసింది. మనసులోనే నాలుగు ఆఠీన్లనూ ఇస్పేటునూ పేకలో కలిపేసి, అప్పుడు లెక్కపెట్టింది. ప్రపంచంలో ఇంకెవరు చేసినా ఇది తెలివితక్కువతనమయ్యేది. బావ చేస్తే అది వృత్తిధర్మం.

"అంటే, చూడనివి నలభై ఏడు" అన్నాడు మెల్లగా. "వాటిలో ఆఠీన్లు తొమ్మిది. అయిదుసార్లకు ఒకసారి కూడా నిండుగా రాదు."

"పేకకు దోషం పోయిందా?"

"పోయింది. నాకే ఉంది."

ఆ తర్వాతంతా చకచకా నడిచింది. తొమ్మిది మంచివి, ముప్ఫై ఎనిమిది చెడ్డవి. ఒకసారి గెలవడానికి నాలుగుసార్లకు పైగా ఓడిపోవాలి. కాబట్టి ఆ ముక్క కోసం ఒక గుండీ పెట్టాలంటే, అప్పటికే మధ్య కుప్పలో నాలుగుకు పైన గుండీలుండాలి. ఉంటే దిగడం, లేకుంటే బోర్లించడం. ఇంకో వారం ఊరికే అయిదేసి ముక్కలు పంచుకుంటూ పోయాడు. నాలుగు వందల పంపకాలలో, ఒక్క ముక్కా మార్చుకోనక్కర్లేని గొప్ప చెయ్యి మూడంటే మూడేసార్లు పడింది. అదీ గీత పెట్టుకున్నాడు.

"ఇంతకీ గెలుస్తారా?" అంది అత్తగారు.

"ఒక్కో ఆట సంగతి ఎవరూ చెప్పలేరు. అయిదు రోజులూ కలిపితే ఇదివరకంత అన్యాయంగా మాత్రం ఆడను. మీ అమ్మాయికి చెప్పకండి, గెలిచాక చెబుదాం."

"నా కడుపులో ఇప్పటికే ఒకళ్ళ రహస్యముంది. ఇదీ దాని పక్కనే పడి ఉంటుంది లెండి."

ఎవరిదని బావ అడగలేదు. అప్పటికే మళ్ళీ పేక కలుపుతున్నాడు.

సోమవారం భోజనాల గంటలో, పెట్టెలు సర్దే గదిలో, తిరగేసిన డబ్బాల మీద ఆరుగురూ కూర్చున్నారు. మొదటి గంటలోనే అందరికీ తేడా తెలిసింది. పది పంపకాలలో బావ ఎనిమిదిసార్లు ముక్కలు బోర్లించాడు.

"బావా, ఆడటానికొచ్చావా, ముక్కలు ఇస్త్రీ చెయ్యడానికొచ్చావా?" అన్నాడు బావమరిది.

"మోకాలికి ఒంట్లో బాగాలేదేమో" అన్నాడు చిల్లుల అన్న.

"కట్టు కట్టించాల్సింది" అన్నాడు తమ్ముడు.

బావ ఆ తర్వాతి పంపకంలోనూ ముక్కలు బోర్లించాడు. మంగళవారం పెట్టెల అక్క ధారాళంగా ఆడి అందరికంటే ముందు లేచింది. బుధవారం అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు లేచారు. గురువారానికి మిగిలింది ముగ్గురు, తాతా, బావమరిదీ, బావా.

ఆ గురువారమే అసలు పరీక్ష వచ్చింది. పంచేది తాత. బావ చేతిలో నాలుగు ఆఠీన్లు, ఒక కళావరు. బావమరిది గుండీలు ముందుకు తోశాడు. కుప్పలో పన్నెండున్నాయి. ముక్క తీయాలంటే బావ నాలుగు పెట్టాలి. నాలుగు పెడితే వచ్చేది పన్నెండు, అంటే మూడింతలు. కావలసింది నాలుగింతలకు పైన. ఆఠీను పడితే ఆ తర్వాత బావమరిది దగ్గర మరికొన్ని గుంజవచ్చు కదా అని మీరనవచ్చు. ఆ బావమరిది అంత అమాయకుడు కాడు, ఒక్క ముక్క మార్చినవాణ్ణి చూస్తే మూటా ముల్లె సర్దుకునే రకం. బావ మోకాలు బల్ల కింద గుర్రంలా గంతులేస్తోంది. అతను దాని మీద చెయ్యి వేసి అదిమి పట్టుకుని, ముక్కలు బోర్లించాడు.

తాతకు ఉండబట్టలేదు. అతనికి పడవలసిన పై ముక్కను తిప్పి చూపించాడు. ఆఠీను రాణి.

గదంతా ఉసూరుమంది. "చేతికందింది జారవిడుచుకున్నావు కదయ్యా బావా" అన్నాడు తాత.

"వచ్చింది తాతా. వచ్చినంత మాత్రాన దిగాల్సిందని కాదు" అన్నాడు బావ. ఆ మాట అంటూ రాణి వంక ఇంకోసారి చూసిన మాట నిజమే. కానీ బస్తాలో నూటికి ఇరవై మంచివి ఉన్నప్పుడు, చెయ్యి పెడితే మంచిది తగిలిందని బస్తాను మెచ్చుకుంటామా?

నేనయితే దిగేవాణ్ణి. అలా దిగి దిగి ఒక గొడుగూ, రెండు చేతిగడియారాలూ, మా తోడల్లుడితో మాటలూ పోగొట్టుకున్నాను. ఓడిపోయిన రోజంటూ లేదని మొదట్లో అన్నాను చూశారూ, ఆ వాక్యంలో చిన్న సవరణ చేసుకోండి. ఓడిపోని రోజంటూ లేదు. మిగతాదంతా అలాగే ఉంచవచ్చు.

శుక్రవారం తాత లేచాడు. గంట ముగియడానికి పది నిమిషాలుందనగా ఎదురెదురుగా బావా బావమరిదీ మిగిలారు. బావకు రెండు జతలు పడ్డాయి, తొమ్మిదులూ నాలుగులూ. ఒక ముక్క మార్చాడు, పనికిరానిదే వచ్చింది. బావమరిది చెయ్యి ఊపి, "నాకు మార్చుకునే అవసరం లేదు" అన్నాడు. అలా అనడమంటే గొప్ప చెయ్యి పంపకంలోనే పడిందని చాటింపు వేయడమన్నమాట. కుప్పలో ఇరవై గుండీలున్నాయి. వాడు తన దగ్గర మిగిలిన ఇరవై కూడా తోసేశాడు.

"చెల్లెలిలాంటి మా అక్కను తెరలు ఉతుక్కోమని చెప్పు బావా. మూడో వారం నేను చేపలకెళ్తున్నా."

"మీ అక్క నీకు చెల్లెలిలా ఎప్పుడయిందిరా?"

"నువ్వు మాట మార్చకు. దిగుతావా, దిగవా?"

బావ కళ్ళు మూసుకున్నాడు. ఇరవై పెడితే నలభై వస్తాయి. మూడింట ఒకసారి తను నెగ్గినా నష్టం లేదు. మరి వాడు నిజం చెబుతున్నాడా? ఇంట్లో నాలుగు వందల పంపకాలలో అలాంటి చెయ్యి మూడుసార్లు పడింది. ఈ అయిదు రోజుల్లో జరిగినవి అరవై పంపకాలు. అందులో బావమరిది "మార్చుకోను" అనడం ఇది తొమ్మిదోసారి. తొమ్మిది! బస్తా పైభాగంలో ఇన్ని మంచి గుండీలు కనబడితే బావ సంతోషించడు. ఎవరో పేర్చారని అడుగుదాకా చెయ్యి పెడతాడు.

లెక్కపెట్టి ఇరవై గుండీలు ముందుకు జరిపాడు. "చూపించు."

బావమరిది ముక్కలు ఒక్కొక్కటే తిప్పాడు. రాజు, జాకీ, ఎనిమిది, ఆరు, రెండు. ఒకదానికొకటి ముఖపరిచయం కూడా లేదు.

"నీకెలా తెలిసిందిరా బావా?" అన్నాడు వాడు. జీవితంలో మొదటిసారి బావను ఒరే అన్నాడు, అంత గౌరవం పెరిగింది.

బావ కాగితం తీసుకుని తన పేరు పక్కన మూడో వారమని రాశాడు. సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. గుమ్మంలోనే భార్య ఎదురైంది. ఇంకా టికెట్ల సంచి భుజాన్నే ఉంది.

"మూడో వారం" అన్నాడు.

"ఏ ఏడు?"

"ఈ ఏడే. ఆఖరిదాకా కూర్చున్నది నేనే."

ఆమె కుర్చీలో కూలబడింది. "నేను ఆరో వారానికి మార్పించుకున్నానండీ."

బావకు వినబడింది కానీ అర్థం కాలేదు.

"నెల కిందటే మార్పించుకున్నా. రెండో రూటు కండక్టరుకి నా వారం ఇచ్చేశాను. వాళ్ళు రైలు టికెట్లు కూడా తీసేసుకున్నారు" అంది ఆమె. "తొమ్మిదిసార్లలో ఏడుసార్లు మీకు వచ్చింది ఆరో వారం. మూడోది ఒక్కసారీ రాలేదు. మీ సెలవు నా దగ్గరికి రాదని తేలిపోయింది. నా సెలవే మీ దగ్గరికి వస్తే పోతుందనుకున్నా. మీకు చెబితే ఆరో వారం కోసం ఆడి, దాన్నీ పోగొడతారని చెప్పలేదు."

తప్పు పడదామని బావ ఆ లెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా సందు దొరకలేదు. ఎవరైనా తనను అడిగి ఉంటే తనూ ఆరో వారం మీదే పెట్టేవాడు.

వంటింట్లోంచి అత్తగారు నెమ్మదిగా బయటికొచ్చింది.

"మీకు రెండూ తెలుసా అత్తయ్యగారూ?"

"మీరు చెప్పొద్దన్నారు, అదీ చెప్పొద్దంది."

"ఒక్క ముక్క నా చెవిన వేస్తే పోయేది కదా."

"మీరు గెలుస్తారని నేను మాత్రం అనుకున్నానా నాయనా? చేతిలో ముక్కలు పేకలో కలిపేసే మనిషి నెల తిరిగేసరికి మొదటివాడవుతాడని ఏ అత్తగారు అనుకుంటుంది? నేనూ దాని వైపే ఉన్నాను."

ముందు భార్య నవ్వింది. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

శనివారం పొద్దున మేనేజరు రాకముందే బావ ఫ్యాక్టరీకి పరుగెత్తాడు. ఆరో వారం దక్కినది పెట్టెల అక్కకు.

"అక్కా, నా మూడో వారం నువ్వు తీసుకో. నీ ఆరో వారం నాకివ్వు."

అక్క మడుస్తున్న పెట్టె కింద పెట్టి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎందుకు?"

"నాకు ఆరో వారం కావాలి."

"మొన్న ఆఠీను రాణిని పోనిచ్చినవాడివి, నిన్న నీ బావమరిదిని ఉత్త రాజు దగ్గర పట్టేసినవాడివి. నువ్వు ఊరికే ఏదీ ఇవ్వవు తమ్ముడూ. మూడో వారంలో ఏముంది? తుఫానా?"

బావ జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్క ఒక్క అక్షరం నమ్మలేదు. "ఇంకొంచెం బాగా అల్లాల్సింది" అంది. తొమ్మిదేళ్ళు ఎవరూ ఖాతరు చేయని మనిషి, ఒక్క వారం బాగా ఆడేసరికి నిజం చెప్పినా బుకాయింపు అయిపోయింది. చివరికి బావమరిది వచ్చి అడ్డం పడాల్సి వచ్చింది.

"అక్కా, నా మాట విను. మా అక్క లెక్క, మా అమ్మ గూఢచర్యం, మా బావ అదృష్టం, మూడూ నాకు తెలిసినవే. ఈయన తెలివి మీరిపోయాడని భయపడకు. ఇంటికెళ్తే మామూలుగానే ఉన్నాడు."

అబద్ధాలవాడు హామీ ఇస్తే గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు. కాగితం మీద రెండు పేర్లు తారుమారయ్యాయి. అప్పుడే లోపలికి వచ్చిన మేనేజరు, మొదటివాడు ఆరో వారం తీసుకోవడం చూసి, మందులేమైనా వాడుతున్నావా అని మర్యాదగా అడిగాడు.

ఆరో వారం సముద్రం ఒడ్డున, ఒకటే కిటికీ ఉన్న గదిలో, భార్యాభర్తలిద్దరూ ఏడు రోజులున్నారు. ఏడు రోజులూ కుండపోతగా వాన. అలారం లేదు. పొద్దున్నే ఎవరు ముందు లేచారో తెలియకుండా ఇద్దరూ లేచేవారు, లేచి మళ్ళీ పడుకునేవారు. మధ్యాహ్నాలు ఒడ్డున ఏరుకొచ్చిన ఆల్చిప్పలు పందెం కాసి పోకరు ఆడారు. ఆమె ఎడమ చెవి దురద పెడితే దిగేది, పెట్టకపోతే లేదు. బావ ప్రతి ముక్కా లెక్కపెట్టి ఆడాడు. వారం చివర చిప్పలన్నీ ఆమె పక్కనే ఉన్నాయి.

"ఇంకో వారం ఆడితే లెక్క నా వైపు తిరుగుతుంది" అన్నాడు బావ.

"వచ్చే ఏడు ఆడదాం" అంది ఆమె.

ఇందులో నేను కల్పించినది ఒక్కటే, ఆ వాన. ఆ ఏడు ఆరో వారంలో ఏడు రోజులకు అయిదు రోజులు నిగనిగలాడే ఎండ కాసింది. సముద్రం పళ్ళెంలో పోసినట్టు ఉందట. మూడో వారమంతా మబ్బుపట్టి ముసురు. అయితే పెట్టెల అక్కకు కథలు చదివే అలవాటుంది, ఎండ సంగతి తెలిస్తే తనను మోసం చేశారంటుంది, నాకేమో ఆవిడతో రోజూ ఎదురుపడే పని ఉంది.